మతసంస్కరణమునకు ముద్రణము చేసిన సేవ
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గుడిబండెలో ఇండ్లలో తెలుగును ఉర్దూయు, బడిలోను కచేరిలోను కన్నడమును వినవచ్చును. మన పెద్దలకు ధర్మము చెవి ద్వారానే అబ్బినది. కైవారము నారేయణ యోగి తెలుగు కీర్తనలను వారు భజనలో విని నేర్చిరి. శాస్త్రమేమి చెప్పుచున్నదో తెలియవలెనన్న పండితునో మౌల్వీనో అడుగవలసి యుండెను. ఈ స్థితిని మార్చినది అచ్చు.

1829లో సి.పి. బ్రౌను వేమన పద్యములను ఆంగ్లానువాదముతో చెన్నపట్టణమున అచ్చు వేయించెను. ఆ సంవత్సరముననే, షా అబ్దుల్ ఖాదిరు 1790లో ముగించిన ఖురాను ఉర్దూ అనువాదము వంగదేశమున అచ్చుపడెను. తెలుగునకు సీసపు అక్షరములు చాలెను. వంపులు తిరిగిన ఉర్దూ వ్రాతకు రాతి అచ్చు అనుకూలించెను. లేఖకుని వ్రాత ఉన్నదున్నట్లు కాగితమున కెక్కుటచే ఉర్దూ గ్రంథములు చౌకయయ్యెను.

సర్ సయ్యద్ అహమ్మద్ ఖాను 1870లో ‘తహజీబుల్ అఖ్లాఖ్’ పత్రికను, కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ‘వివేకవర్ధని’ని నెలకొల్పిరి. ఇరువురికిని స్వజనులే ప్రతికక్షులైరి. వారును అచ్చునే ఆశ్రయించిరి. 1879లో పంతులుగారు వితంతు వివాహమును గూర్చి ఉపన్యసింపగా ఖండనములు బయలుదేరెను, వానికి సమాధానములును వచ్చెను. ఏది ప్రమాణమో చదువరియే తూచి చూచుకొనగలిగెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిగెను.

స్త్రీల కొరకు పంతులుగారు 1883లో ‘సతీహితబోధిని’ని వెలువరించిరి. 20వ శతాబ్ది ఆరంభమున మౌలానా అష్రఫ్ అలీ థానవీ స్త్రీల కొరకే ‘బిహిష్తీ జేవర్’ను ఉర్దూలో రచించిరి. పంతులుగారిది నూతన మార్గము, మౌలానాగారిది సంప్రదాయ మార్గము. అయినను స్త్రీ తానే చదివి తెలిసికొనవలెనను విషయమున ఇరువురిదియు ఒకే మాట.

అచ్చు మంచినే మోయునని మేము చెప్పము. నిందను, వైరమును కూడ అదియే మోసినది. చదివి విచారించు శక్తియే దానికి విరుగుడు.

తల్లిదండ్రులారా! నేడు మన బిడ్డలలో పలువురు ఇంటి భాష మాటలాడుదురు గాని ఆ లిపిని చదువలేరు. అట్టి బిడ్డ తాతలవలె మరల ఒకరి నోటిని నమ్ముకొనవలసినదే. కన్నడము బాగుగా నేర్పుదము. అది మన రాష్ట్ర భాష. దానితోపాటు వారమున కొక సాయంకాలము బిడ్డచేత ఇంటి భాషలో ఒక పుట చదివింపుడు, ఇంటిల్లిపాదియు వినుడు. మనము వారికి ఈయగల ఆస్తులలో ఇది ఖర్చు తక్కువైనది, కాలము ఎక్కువ నిలుచునది.

ఇంతటితో విరమించుచున్నాము.