పనుల పట్టీ - ఘడియల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



"క్షణము తీరిక లేదు, దమ్మిడీ ఆదాయము లేదు" అను సామెత తెలుగు పల్లెలలో విననివారుండరు. ఆ మాటలో ఎగతాళి కొంత, వ్యథ కొంత కలదు. సామెతలోని మనుష్యుడు సోమరి కాడు. తెల్లవారినది మొదలు తిరుగుచునే యుండును. ఐనను ప్రొద్దు గ్రుంకు వేళకు "ఇది ముగిసినది" అని చూపుట కొక్క పనియు మిగులదు. లోపము శ్రమలో లేదు. శ్రమకు లెక్క లేకపోవుటలో నున్నది. ఆ లెక్కకు సాధనములు రెండు. చేయవలసిన పనుల పట్టీ యొకటి. పనికి హద్దు కట్టిన కాలము రెండవది.

కాలమునకు హద్దు కట్టుట ఈ దేశమునకు క్రొత్త కాదు. అహోరాత్రమునకు 60 ఘడియలు. ఘడియకు 24 నిమిషములు. ఏడున్నర ఘడియలొక జాము. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై నుంచగా, అది నిండి మునుగుటకు పట్టు కాలమే ఘడియ. అహోరాత్రమున అరువది మారులు మునుగు నట్టి పాత్రను సూర్యసిద్ధాంతము పేర్కొన్నది. హిందూస్థానమున ఘడియలు కొలిచి కంచుపళ్లెమును మ్రోగించు రీతిని 16వ శతాబ్దమున బాబరు తన స్వీయచరిత్రలో వర్ణించెను.

ఇక దూరదేశపు ముచ్చట. 1980వ దశకము చివర ఇటలీలో ఫ్రాంచెస్కో చిరిల్లో అను విద్యార్థికి చదువుపై మనస్సు నిలువలేదు. పది నిమిషములైనను నిజముగా చదువగలనా యని తనతో తానే పందెము వేసికొని, వంటింట వాడు టమాటా ఆకారపు గంట గడియారము నొకదానిని ఎదుట పెట్టుకొనెను. ఇటలీ భాషలో టమాటాకు పొమొడోరో యని పేరు. అతడు క్రమముగా ఏర్పరచిన పద్ధతికి ఆ పేరే స్థిరపడినది. 25 నిమిషములు ఒకే పని. పిమ్మట 5 నిమిషములు విశ్రాంతి. నాలుగు విడతలు గడచిన పిదప దీర్ఘవిశ్రాంతి. నడుమ వేరొక పని జ్ఞప్తికి వచ్చినచో లేచిపోరాదు. దాని పేరు కాగితముపై వ్రాసి, మరల చేతిలోని పనికి రావలయును. ఈ విడతకును తెలుగువారి ఘడియకును భేద మొక్క నిమిషమే. ఒకటి రెండవదానికి మూలమని చెప్పరాదు గాని, మనస్సును ఒకచోట కట్టివేయుటకు ఈపాటి కాలము అనువైనదని అనుకొనుటకు తావున్నది.

రాజ్యభారము వహించువానికి సైతము ఇట్టి విభాగము విధింపబడినది. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజునకు పగలు ఎనిమిది భాగములు, రాత్రి ఎనిమిది భాగములు. పగటి మొదటి భాగమున రక్షణ వ్యవహారములును ఆయవ్యయములును. రెండవ భాగమున పౌరజానపదుల పనులు. మూడవ భాగమున స్నానము, భోజనము, స్వాధ్యాయము. ఆరవ భాగము విహారమునకో, మంత్రాంగమునకో ఆతని యిచ్ఛకు విడువబడినది. ఎంతటి రాజునకైనను విశ్రాంతియు చదువును పట్టీలో నున్నవి. అవి మిగిలిన కాలమునకు త్రోసివేయబడలేదు. అంతేకాదు, తన శక్తి ననుసరించి ఈ భాగములను మార్చుకొనవచ్చునని కౌటిల్యుడే అనుమతించెను.

రాజుల మాట యటుండగా, ఒక గుమాస్తా చరిత్ర విన దగినది. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ 1834లో తపాలా శాఖలో చేరి 1867 వరకు కొలువు చేసెను. కచేరీ పనికి పూర్వమే ఉదయము 5-30 గంటలకు వ్రాతబల్ల ముందు కూర్చుండెడివాడు. తన్ను మేల్కొలుపుటకై ఒక వృద్ధ సేవకునకు ఏడాదికి 5 పౌనులు అదనముగా ఇచ్చెడివాడు. మొదటి అరగంట ముందునాటి వ్రాతను చదువుకొనుటకు. పిమ్మట గడియారము నెదుట నుంచుకొని పావుగంటకు 250 మాటలు. ఏనాటి కెన్ని పుటలైనవో పుస్తకములో పద్దు వేసెడివాడు. వ్రాయని దినపు ఖాళీ పద్దు తన్ను నిలదీయుచుండెడిదని ఆయనయే చెప్పుకొనెను. ఈ విధముగా 47 నవలలు పూర్తియైనవి. 1882లో ఆయన మరణించిన మరుసటి యేట స్వీయచరిత్ర వెలువడగా, కళను గడియారముతో కొలుచుటయా యని పలువురు ముఖము చిట్లించిరి. కాని నవలలు నేటికిని చదువబడుచున్నవి. గడియారము నవల వ్రాయలేదు. వ్రాయువానిని బల్లయొద్దకు చేర్చినది, అంతే.

ఇక పట్టీ మాట. పట్టీ వ్రాయువారు తరచు సంకల్పములను పనులని భ్రమింతురు. "ఇల్లు బాగుచేయించుట" సంకల్పము. "కప్పుపై పగిలిన పెంకులను లెక్కించుట", "ఆదివారము వడ్రంగిని పిలుచుట" పనులు. అంగడి లెక్కలలో చిట్టా వేరు, ఆవర్జా వేరు. నేడు ముగింపగల నాలుగైదు పనులు చిట్టాలో నుండవలయును. తక్కినవన్నియు ఆవర్జాలో వేచియుండవలయును. ముగియని పనిని దాచిపెట్టక, మరునాటి పుటలో నిలువగా ఎక్కింపవలయును. మూడు దినములు వరుసగా నిలువైన పనిని ముక్కలు చేయవలయును, లేదా కొట్టివేయవలయును. అసంపూర్ణమైన పని మనస్సును వేధించుననుట అందరి యనుభవము. ఆ పనిని ఎప్పుడు, ఎట్లు చేయవలయునో నిర్ణయించి వ్రాసికొన్నంతనే ఆ వేధ తగ్గునని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ ప్రయోగములవలన చూపిరి.

ఈ సాధనములకు పరిమితి కలదు. అదను వచ్చిననాడు విత్తు రైతునకు నేలలోని తేమయే గడియారము; అతనిని విడతకొకసారి ఆగుమనుట అవివేకము. పొయ్యిమీద ఎసరు, చంకన బిడ్డ గల ఇల్లాలికి ఒక్క ఘడియయైనను వరుసగా తనది కాదు. ఆమెకు కాలనియమము బోధించుటకు ముందు, ఇంటిలో నొకరు ఆ బిడ్డను ఘడియసేపు ఎత్తుకొనుట న్యాయము. పద్ధతి తెలియకపోవుట వేరు, కాలము తన చేతిలో లేకపోవుట వేరు. నేడు మరియొక చిక్కు కలదు. గడియారము సెల్‌ఫోనులో చేరినది. వేళ చూడబోయినవాడు వేళనే మరచుచున్నాడు. అట్టివారికి గోడగడియారమే మేలు.

తుదకు, ఈ గ్రంథాలయపు మాట. జారీ పుస్తకములో గ్రంథము ఏనాడు పోయినది, ఏనాడు తిరిగి వచ్చినది తెలియును. ఎన్ని పుటలు చదువబడినవో తెలియదు. తీసికొనిపోయి, తీరిక లేక, తెరువకయే తెచ్చియిచ్చిన గ్రంథమును సైతము ఆ పద్దు చదివిన గ్రంథముగనే చూపును. ఘడియకు 8 పుటలు చదువువాడు 300 పుటల గ్రంథమును 38 దినములలో ముగించును. ఏడాదికి తొమ్మిది గ్రంథములు పూర్తియగును. రోజుకు 60 ఘడియలలో ఇది యొక్కటియే. పట్టీలో మొదటి పంక్తిగా దీనిని వ్రాసికొని, ఇంటిలో ఇల్లాలికిని అట్టి ఘడియ నొకదానిని విడిచినచో, రాబోవు ఇరువదియైదేండ్లలో జారీ పుస్తకపు ప్రతి పద్దును నిజమగును.

గ్రంథాలయము వర్ధిల్లుగాక! సభ్యులకు శుభమగుగాక!