పాత కారు ఇంజనులో నీటి దారులు
(భిలాయి, సెక్టర్ 4 తెలుగు కుటుంబములకై చేసిన ప్రసంగపాఠము)



భిలాయిలో నిలిచి తుప్పును గూర్చి ప్రసంగించుట తాతకు దగ్గులు నేర్పుట వంటిదే. 1955 ఫిబ్రవరి 2న సోవియటు ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిన నాటినుండియు ఈ ఊరివారు ఇనుముతోనే కాపురము చేయుచున్నారు. అయినను క్వార్టరు ముందు చెట్టునీడ నున్న పాత అంబాసిడరు కారు రేడియేటరు మూత తీసి చూచినచో అందు నీటికి బదులు ఇటుకరంగు బురద కనబడుట అరుదు గాదు.

ఆ కారును వదలుకొనుటకు ఇంటివారికి మనసొప్పదు. ఉత్తరపారా కర్మాగారమున అంబాసిడరు ఉత్పత్తి 2014లోనే ఆగిపోయినది. పదునైదేండ్లు నిండిన సొంతకారునకు అయిదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను. ఇన్ని చిక్కులకు ఓర్చి నిలుపుకొన్న బండి ఊరిలో బజారుకు పోయివచ్చునంతవరకు బాగుగనే యుండును. దాని గుట్టు రచ్చకెక్కునది వేసవి సెలవులలో, ఇంటిల్లిపాదియు విజయనగరమునకు బయలుదేరిననాడు. రాయపూరు నుండి ధంతరి, కాంకేరు దాటిన పిమ్మట కేశ్‌కాల్ ఘాటు ఎక్కవలెను. జగదల్‌పూరు, కొరాపుట్ మీదుగా పోయి సాలూరు ఘాటు దిగవలెను. తిరుగు ప్రయాణమున దానినే ఎక్కవలెను. ఘాటులో బండి నెమ్మదిగా నడచును, ఇంజను ఎక్కువగా శ్రమించును, ఎదురుగాలి తక్కువ. సగము మూసికొనిపోయిన నీటి దారులు ఆ వేడిని మోయజాలవు. వెనుకసీటున ముసలితల్లి, ఒడిలో పసిబిడ్డ. బానెట్టు క్రిందనుండి ఆవిరి. అప్పటి చికిత్సకంటె ముందటి చికిత్స చౌక.

ఆ ఇంజను బ్లాకు పోత ఇనుము, రేడియేటరు రాగి, ఇత్తడి, అతుకులు టంకము. ఈ లోహములన్నియు ఒకే నీటిలో మునిగియున్నవి. అట్టియెడ రాగి సాంగత్యము వలన ఇనుము మరింత త్వరగా చెడును. నీటితోబాటు గాలియు చేరినచో తుప్పు కావలసినంత. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును. కుళాయినీటిలోని సున్నము వేడికి పేరుకొని దానిపై మరియొక పొర కట్టును. కర్మాగారమునందు బాయిలరులోనికి శుద్ధిచేయని నీటిని పోనిచ్చుట కొప్పుకొనని ఉద్యోగియే, ఇంటికి వచ్చి తన కారులో బకెట్టుతో కుళాయినీరు పోయుట విడ్డూరము.

బండి వేడెక్కినంతనే పలువురు చేయు పని రేడియేటరు మార్చుట. ఇది చెవినొప్పికి కంటిమందు వంటిది. రేడియేటరు బురదను పట్టుకొన్నదే గాని పుట్టించినది కాదు. పుట్టినిల్లు బ్లాకు. పంపునకు దూరముగా నుండు వెనుక సిలిండరు చుట్టును నీటి వేగము తక్కువ. గసి అంతయు అక్కడ అడుగంటును. బ్లాకు కడుగక క్రొత్త రేడియేటరు బిగించినచో ఆ గసియే కొలది నెలలలో దానిని కూడ మూయును.

పని మొదలిడుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. లోపలి ఒత్తిడి బయటిగాలి ఒత్తిడికి రెట్టింపైనచో నీరు 120 డిగ్రీలవరకు మరుగకుండ నిలువగలదు. మూత తీసిన మరుక్షణమే అది ఆవిరియై ముఖముపైకి ఎగయును. పిల్లలను బండి దరికి రానీయరాదు. నీరు వదలుటకు బ్లాకు ప్రక్కనున్న కుళాయి త్రిప్పినచో తరచుగా చుక్కయు రాదు. నీరు లేదని భ్రమపడరాదు. కుళాయిని ఊడదీసి తీగతో పొడిచిన, ముందు ముద్దగా బురదయు, వెనుక నీరును వచ్చును.

పిదప థర్మోస్టాటు తీసి, గొట్టములు విప్పి, రేడియేటరును బ్లాకును వేరువేరుగా, నీరు నిత్యము పారు దిక్కునకు ఎదురుగా కడుగవలెను. పాత టంకము బలహీనము గనుక నీటి ఒరవడి మితముగా నుండవలెను. మొండి తుప్పునకు పలుచని నిమ్మఉప్పు ద్రావణము చాలును. తరువాత మంచినీటితో పలుమార్లు కడిగి, కొంచెము చాకలిసోడా నీటితో పులుపు విరిచి, మరల కడుగవలెను. గాఢమైన ఆమ్లము పనిని త్వరపెట్టుననుట నిజమే; టంకమును, ఇనుమును కూడ త్వరపెట్టును. బ్లాకు ప్రక్కన బిళ్ళలవలె నుండు పలుచని ఉక్కు మూతలు, అనగా కోర్ ప్లగ్గులు, లోపలినుండి తుప్పుపట్టును. ఒకటి చెమర్చినచో తక్కినవియు ఆ వయసువే గనుక అన్నియు మార్చుట మేలు. ఇంజను నూనె పాలుపోసిన కాఫీ రంగుకు తిరిగినచో మాత్రము ఇది కడుగుటతో తీరు వ్యాధి కాదు. హెడ్డు గాస్కెట్టు చూపించుకొనవలెను.

ఉష్ణప్రాంతమున థర్మోస్టాటు దండుగయని తీసిపారవేయు మెకానిక్కులు కలరు. ఈ అలవాటు మంచిది కాదు. అది లేనిచో ఇంజను వేడెక్కుటకు ఆలస్యమగును, పెట్రోలు ఎక్కువ త్రాగును, లోపలి అరుగుదల పెరుగును. దానిని పరీక్షించుటకు వంటయిల్లు చాలును: గిన్నె నీటిలో అడుగు తగులకుండ దారముతో వ్రేలాడదీసి కాచినచో, దానిపై ముద్రించిన డిగ్రీల దరిదాపున నోరు తెరవవలెను. తెరువనిచో క్రొత్తది కొనవలెను. గిన్నె ఏదో ఇల్లాలినడిగి తీసికొనుట క్షేమము.

దారిలో రేడియేటరు చెమర్చినచో డ్రైవర్లు పసుపు కలుపుదురు. తరువాతి ఊరు చేరుటకు అది అక్కరకు రావచ్చును. దానినే నిత్యౌషధముగా వాడినచో మంచి గొట్టములు కూడ పూడును. శుభ్రపడిన ఇంజనులో పోయదగినది తుప్పును నిరోధించు మందులు గల కూలెంటు, బ్యాటరీలకు వాడు శుద్ధజలము, సమపాళ్ళలో. మంచు పడని భిలాయిలో అది ఏలయని అడుగువారున్నారు. ఇక్కడ కావలసినది చలినుండి రక్ష కాదు, తుప్పునుండి రక్ష. ఆ మందుల శక్తి క్రమముగా తరుగును గనుక సాధారణపు రకమును రెండేండ్ల కొకమారు మార్చుచుండవలెను. పలు కూలెంటులలో నుండు ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా నుండు విషము. దానిని త్రాగునీటి సీసాలో దాచుట, తీసిన నీటిని వీధికుక్కలు త్రాగు కాలువలో పోయుట ఎంతమాత్రము కూడదు.

నింపునప్పుడు హీటరు గొట్టము ఉన్న బండిలో దానిని కూడ తెరచి, గాలిబుడగలు పోవువరకు ఇంజనును నెమ్మదిగా ఆడించవలెను. వంద కిలోమీటర్లు ఊరి పరిసరములలోనే తిప్పి, క్లిప్పులు మరల బిగించి, చల్లారిన పిమ్మట మట్టము చూచుకొని, తగ్గకున్నచో కేశ్‌కాల్ దారి పట్టవచ్చును.