విదేశంలో ఇంగ్లీషు బడి: పిల్లల్ని పంపే ముందు ఆలోచించవలసిన సంగతులు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పుకుంటున్న మాష్టర్ని. పెద్ద ఇంగ్లీషు పండితుణ్ణి కాను. అయినా ఈ విషయం మీద మాట్లాడమని కార్యదర్శిగారు నాకే అప్పగించారు. కారణం మీకు తెలిసిందే. మన మొహల్లా పిల్లలు, వాళ్ళ అబ్బాలు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. "మాష్టర్ సాబ్, లండన్‌లో ఇంగ్లీషు కోర్సట, పదకొండు నెలలట, అక్కడికి పోయాక పని కూడా దొరుకుతుందట, ఏం చేయమంటారు?" అని అడుగుతున్నారు. ఇట్లాంటి చదువుకు సంఘం విద్యానిధి నుంచి అప్పు ఇమ్మని దరఖాస్తులు కూడా వస్తున్నాయని విన్నాను. అమ్మీ మెడలోని బంగారం, తాతల నాటి ఇంటి స్థలం తాకట్టు పెట్టి పంపే చదువు ఇది. కనుక తొందరపడి వద్దనకూడదు, తొందరపడి సరే అనీ అనకూడదు. ఆ చదువు ఏమిటో, అది ఏమిస్తుందో, ఏమివ్వదో ముందు తెలుసుకోవాలి.

మొదటి మాట. విదేశాల్లోని ఇంగ్లీషు భాషా పాఠశాల వేరు, కాలేజీ వేరు. భాషా పాఠశాల డిగ్రీ ఇవ్వదు. మనిషిని ఒక మెట్టు మీది నుంచి పై మెట్టుకు ఎక్కిస్తుంది, అంతే. ఈ మెట్లను యూరప్ మండలి 2001లో ఆరుగా ప్రకటించింది. ఏ1, ఏ2 మొదటివి. బి1, బి2 నడిమివి. సి1, సి2 పైవి. బడిలో చేరిన మొదటి రోజునే ఒక పరీక్ష పెట్టి, నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావో చూసి ఆ తరగతిలో కూర్చోబెడతారు. మీసాలొచ్చినవాడైనా సరే, ఏ1 అయితే ఏ1లోనే కూర్చోవాలి.

ఇక లెక్క చూడండి. టీచరు దగ్గర కూర్చుని నేర్చుకుంటే ఏ2కు రావడానికి 180 నుంచి 200 గంటలు, బి1కు 350 నుంచి 400, బి2కు 500 నుంచి 600 గంటలు పడుతుందని కేంబ్రిడ్జి పరీక్షలవారి అంచనా. ఇవన్నీ సున్నా నుంచి లెక్క. విదేశీ విశ్వవిద్యాలయాలు డిగ్రీ చదువుకు సాధారణంగా అడిగేది బి2. ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో 5.5 నుంచి 6.5 వరకు వచ్చే స్కోరు ఆ మెట్టుకు సరిపోతుంది. భాషా పాఠశాలల్లో మామూలు కోర్సు వారానికి 20 పాఠాలు, పాఠం 45 నిమిషాలు. అంటే 15 గంటలు. అట్లా 12 వారాలు చదివితే 180 గంటలు. సుమారు ఒక మెట్టు!

కాబట్టి ఏ2 మీద ఉన్న పిల్లవాడు బి2కు చేరాలంటే ఐదారు నెలలు కావాలి. ఏమీ రానివాడు పోతే ఎనిమిది తొమ్మిది నెలలు కావాలి. ఆ మొదటి రెండు వందల గంటలకు అక్కడ గది అద్దె, తిండి, బస్సు చార్జీలన్నీ పౌండ్లలో కట్టాలి గదా! అవే రెండు వందల గంటలు ఇక్కడ రోజుకొక గంట కూర్చుంటే ఒక విద్యా సంవత్సరంలో వస్తాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకే ఏడాదికి 200 పని దినాలు ఉండాలి. అంటే ఏ2 వరకు ఎక్కవలసిన మెట్లు మన గుమ్మంలోనే ఉన్నాయి. వాటిని ఎక్కడానికి విమానం అవసరం లేదు. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

మరి అక్కడికి పోతే లాభం లేదా అంటే, ఉంది. అది కూడా న్యాయంగా చెప్పాలి. నేను రోజూ తరగతిలో చూసే సంగతి ఒకటి చెప్తాను. మన ఉర్దూ పిల్లలు "స్కూల్" అనరు, "ఇస్కూల్" అంటారు. "స్టేషన్" అనరు, "ఇస్టేషన్" అంటారు. తెలుగు పిల్లలు మాట చివర ఉకారం చేర్చి బస్సు, రోడ్డు, కారు అంటారు. ఉర్దూలోనూ తెలుగులోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే వస్తుంది. ఇంగ్లీషువాడి 'ఎ', 'ది' అనే చిన్న ముక్కలు మన రెండు భాషల్లోనూ లేవు. అందుకే మన పిల్లవాడు నోరు తెరవగానే పక్కవాడు నవ్వుతాడు. ఇంకోసారి వాడు నోరు తెరవడు. వ్యాకరణం పేపరులో డెబ్భై మార్కులు తెచ్చుకున్నవాడు కూడా "వాట్ ఈజ్ యువర్ నేమ్" అంటే తల దించుకుంటాడు. మనవాళ్ళ అసలు జబ్బు తెలియకపోవడం కాదు, సిగ్గు.

ఆ సిగ్గు పోగొట్టడంలో విదేశీ భాషా పాఠశాల గొప్ప మందు. అక్కడ తరగతిలో ఒక అరబ్బు కుర్రవాడు, ఒక జపాన్ అమ్మాయి, ఒక తుర్కీ ఇంజనీరు, ఒక కొలంబియా నర్సు పక్కపక్కన ఉంటారు. అరబ్బీలో 'ప' లేదు కనుక అతను "పార్క్" అనబోయి "బార్క్" అంటాడు. జపాన్ అమ్మాయికి 'ర', 'ల' ఒకటే. స్పానిష్ మాట్లాడేవాళ్ళు "ఎస్కూల్" అంటారు, అచ్చం మనలాగే! ఒకరి భాష ఒకరికి రాదు, కాబట్టి టీ అడగాలన్నా ఇంగ్లీషే గతి. అందరూ తప్పులు మాట్లాడేవాళ్ళే, ఎవరు ఎవర్ని చూసి నవ్వుతారు?

మా బడిలో చదివిన అబ్బాయి ఒకడు అట్లాంటి చోట కొన్ని నెలలు చదివి వచ్చాడు. వాడు చెప్పిన మాట పిల్లలు గుర్తు పెట్టుకోవాలి. "సార్, మొదట మనవాళ్ళు ఐదుగురితో ఒక గదిలో ఉన్నాను. బడిలో మూడు గంటలు ఇంగ్లీషు, మిగతా రోజంతా మన మాటలే. ఆ తరువాత ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకు దిగాను. నాలుక అక్కడ తిరిగింది" అన్నాడు. ఇట్లా ఒక కుటుంబంతో ఉండే పద్ధతిని హోమ్‌స్టే అంటారు. బడివారే ఏర్పాటు చేస్తారు. హలాల్ తిండి కావాలని, నమాజు చేసుకుంటామని దరఖాస్తులోనే రాయాలి, పోయాక మొహమాటపడకూడదు. లండన్‌లో డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగింటికే సూర్యుడు అస్తమిస్తాడు. జొహర్, అసర్ రెండూ తరగతి వేళలోనే రావచ్చు. ముందే అడిగి తెలుసుకుంటే ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాను. అది వీసా సంగతి. ఇంగ్లీషు కోర్సు వీసా పని వీసా కాదు సుమా! బ్రిటన్‌లో ఆరు నెలల నుంచి పదకొండు నెలల దాకా ఇంగ్లీషు చదివేవారికి స్వల్పకాలిక విద్యార్థి వీసా ఉంది. దాని మీద ఏ పనీ చేయకూడదు. జీతం లేని పని కూడా చేయకూడదు. గడువు పొడిగించరు, కుటుంబాన్ని తీసుకుపోనివ్వరు. ఆరోగ్య రుసుము వేరే కట్టాలి. 2024 ఫిబ్రవరిలో దానిని ఏడాదికి 776 పౌండ్లు చేశారు. కెనడాలో భాషా కోర్సు మాత్రమే చదివేవారికి బయట పని చేసే అనుమతి లేదు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద భాష చదివేవారు వారానికి కనీసం 18 గంటలు తరగతిలో ఉండాలి. చదువు అయ్యాక ఓపీటీ పేరుతో ఉద్యోగం చేసే అవకాశం భాషా కోర్సుకు లేదు. ఆస్ట్రేలియాలో వారానికి 20 గంటల చదువు, పక్షానికి 48 గంటల వరకు పని ఒప్పుకుంటారు. కాని అక్కడ విద్యార్థి వీసా రుసుమును 2024 జూలైలో 710 డాలర్ల నుంచి 1600కు, 2025 జూలైలో 2000కు పెంచారు. వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి. ఏజెంటు మాట కాదు, నా మాట కూడా కాదు, దరఖాస్తు పెట్టే రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటు చూసుకోవాలి.

"పోయాక పని దొరుకుతుంది" అని చెప్పేవాడు మీ బిడ్డను చట్టం తప్పమని చెబుతున్నాడన్న మాట. దొరికితే నష్టం ఏజెంటుకు కాదు, పిల్లవాడికి. తరువాత నిజమైన చదువుకు వీసా అడిగినప్పుడు కూడా ఆ మచ్చ అడ్డం వస్తుంది.

బడి కూడా అసలుదో కాదో చూడాలి. డబ్లిన్ నగరంలో 2014, 2015 సంవత్సరాలలో అనేక ప్రైవేటు కళాశాలలు హఠాత్తుగా మూతపడ్డాయి. వాటిలో ఇంగ్లీషు నేర్పేవి ఎక్కువ. ముందే ఫీజు కట్టిన విదేశీ విద్యార్థులు వీధిన పడ్డారు. మన తెలుగు పిల్లలకు తగిలిన దెబ్బలు కూడా ఉన్నాయి. అవి భాషా పాఠశాలలు కావు గాని, నీతి ఒకటే. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని 2011 జనవరిలో అమెరికా అధికారులు మూయించారు. అందులోని విద్యార్థుల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ వ్యవహారం బయటపడింది. అది వీసా మోసాలు పట్టడానికి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. అందులోనూ చిక్కినవారిలో మనవాళ్ళే ఎక్కువ.

అందుచేత డబ్బు కట్టే ముందు ఐదు ప్రశ్నలు అడగండి. పిల్లవాడు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నాడు? ఆ బడికి గుర్తింపు ఎవరిచ్చారు? (బ్రిటన్‌లో బ్రిటిష్ కౌన్సిల్ తనిఖీ చేసి గుర్తింపు ఇస్తుంది, ఆస్ట్రేలియాలో క్రికోస్ అనే ప్రభుత్వ రిజిస్టరులో పేరుండాలి.) వారానికి ఎన్ని గంటల పాఠం? వీసా రాకపోతే, బడి మూతపడితే, ఫీజులో ఎంత తిరిగి ఇస్తారు, అది కాగితం మీద ఉందా? ఈ కోర్సు అయ్యాక పిల్లవాడు చేరబోయే చదువు ఏమిటి? ఐదో ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా నాలుగూ అడగనక్కర లేదు. ఇంటి దగ్గరే ఉంచండి.

ఇంటి దగ్గర ఏముందని చిన్నచూపు వద్దు. హైదరాబాదులో 1958లో కేంద్ర ఆంగ్ల విద్యాసంస్థను స్థాపించారు. దానినే నేడు ఇఫ్లూ విశ్వవిద్యాలయం అంటున్నాము. భారత ప్రభుత్వం 1964లో మొదలుపెట్టిన ఐటెక్ పథకం కింద ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి ఉపాధ్యాయులు, ఉద్యోగులు అక్కడికి వచ్చి ఇంగ్లీషు నేర్చుకుని పోయారు. వాళ్ళకు మన హైదరాబాదే విదేశం! వాళ్ళు సముద్రాలు దాటి వచ్చిన చోటికి మనం బస్సులో పోవచ్చు.

ఉర్దూ మీడియం వాడికి ఇంగ్లీషు రాదనే మాట కూడా వదిలేయండి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెప్పడానికే పుట్టింది. అయినా ఇంగ్లీషును తప్పనిసరి పాఠంగా ఉంచారు. తల్లి భాష ఇంటి పునాది, ఇంగ్లీషు ఆ ఇంటికి కిటికీ. కిటికీ పెట్టడానికి పునాది తవ్వుకోనక్కర లేదు.

పిల్లల కోసం ఒక నిజమైన కథ. ఫ్రాంక్ బెల్ అనే ఇంగ్లీషాయన రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్‌వారి చేతికి చిక్కి బోర్నియో ద్వీపంలోని కూచింగ్ శిబిరంలో ఖైదీగా ఉన్నాడు. ఆకలి, జబ్బులు, చావులు. ఆ చెరలోనే కాపలావారి కంట పడకుండా తోటి ఖైదీలకు భాషలు నేర్పే రహస్య తరగతులు నడిపాడు. ప్రాణాలతో బయటపడి 1955లో కేంబ్రిడ్జిలో భాషా పాఠశాల తెరిచాడు. ఇవాళ మన పిల్లలు వేల పౌండ్లు పోసి చేరాలనుకునే బడులలో ఒకదానికి విత్తనం పడింది ఖైదీల గుడిసెలో! చదువుకు కావలసింది నేర్చుకోవాలనే పట్టుదల, నేర్పేవాడి ఓపిక.

కనుక సంఘానికి మూడు మనవులు చేసుకుంటున్నాను. ఒకటి, మన సంఘ భవనంలో ప్రతి సాయంత్రం ఒక గంట మాట్లాడే ఇంగ్లీషు తరగతి పెట్టాలి. మగపిల్లలకు, ఆడపిల్లలకు ఇద్దరికీ ఉండాలి. అక్కడ ఒక్కటే నియమం: ఎవరు తప్పు మాట్లాడినా నవ్వకూడదు. పాఠం చెప్పడానికి నేను జీతం లేకుండా వస్తాను. రెండు, విదేశీ చదువుల కాగితాలు చదివి చెప్పడానికి ముగ్గురు సభ్యుల కమిటీ వేయాలి. మూడు, ఒట్టి భాషా కోర్సుకు విద్యానిధి నుంచి అప్పు అడిగినవారు ముందు బి1 మెట్టు చేరినట్టు, ఆ పైన చేరబోయే చదువు ఖాయమైనట్టు చూపాలి. ఇది కఠినం అనుకోవద్దు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థులకు పెట్టిన ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా పీజీ, పీహెచ్‌డీ చదువులకే గాని ఒట్టి భాషా కోర్సుకు కాదు. నిధిలోని ప్రతి రూపాయి ఒక టైలరుదో, ఆటో భాయిదో, పళ్ళబండివాడిదో. అది ఏజెంటు జేబులోకి పోకూడదు, పిల్లవాడి నోట్లో మాటగా మారాలి.

తరగతి పెట్టడానికి ఒక గది, ఒక నల్లబల్ల, నాలుగు బెంచీలు చాలు. అధ్యక్షులవారు సరేనంటే వచ్చే సోమవారమే మొదలుపెడదాం. 

ఖుదా హాఫిజ్.