కురింజికి కాపలా ఎవరు?



కేరళ మున్నారు కొండల్లో నీలకురింజి పన్నెండేళ్లకోసారే పూస్తది. 2018లో పూసింది, మళ్లీ 2030 దాకా ఆగాలి. పూసి, గింజ రాల్చి, మొక్క చచ్చిపోతది. ఆ గింజ మొలవాలంటే కొండ మీద గడ్డిభూమి మిగలాలి. దాన్ని చాలాచోట్ల తేయాకు, యూకలిప్టస్ తోటలు మింగినయి. 2024లో ఐయూసీఎన్ దీన్ని ‘వల్నరబుల్’ జాబితాలో పెట్టింది. అడవిలో ఈ మొక్కను పీకితే వన్యప్రాణి చట్టం కింద నేరం. మంచిదే. మరి గడ్డిభూమిని మింగిన తోటల సంగతేంటి?

తమిళనాడు వైపు కొండల్లో పళియన్ ఆదివాసులు ఈ పూతలతోనే వయసు లెక్కపెట్టుకునేవాళ్లు. అడవిని, జీవజాతులను కాపాడే అధికారం గ్రామసభకు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ చెప్తోంది. మీ కొండ మీద తగ్గిపోతున్న పువ్వు ఏది? ఈసారి గ్రామసభ తీర్మానంలో దాని పేరు రాయించండి.