బోగీ ఎటువైపు?
కడప స్టేషన్లో రైలాగింది. అందరూ పరుగు. చూపులేని ప్రయాణికుడికి ఒకటే ప్రశ్న: నా బోగీ ఎటువైపు?

పూర్తిగా చూపులేనివారికి స్లీపర్ టికెట్టులో 75 శాతం రాయితీ ఉంది. తోడు వెళ్లే ఒకరికీ అంతే. కొన్ని బోగీల్లో బెర్తు నంబర్లు బ్రెయిలీలో ఉంటాయి, వేలితో తడిమి చదువుకోవచ్చు. మంచిదే. కానీ అవన్నీ రైలెక్కాక కదా! అసలు కష్టం ప్లాట్‌ఫారం మీదే.

అక్కడ మీరుంటే చెయ్యి పట్టి లాగొద్దు. కర్ర అసలే పట్టుకోవద్దు. "సాయం కావాలా అన్నా?" అని అడగండి. మీ మోచెయ్యి అందించండి. ఆయనే పట్టుకుని, ఒక అడుగు వెనకగా నడుస్తారు. మెట్టుంటే ముందే చెప్పండి. రైలుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య సందుంటే అదీ చెప్పండి. కర్నూలైనా, కడపైనా రైల్వే సాయానికి నంబరు 139. మళ్లీ చెబుతున్నా, ఒకటి, మూడు, తొమ్మిది.