వైద్య విద్యకు మానవీయ శాస్త్రాల అవసరం

భాష, సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి విద్యలను మానవీయ శాస్త్రాలు అంటారు. విజ్ఞాన, వైద్య విద్యార్థులకు ఇవి తీరిక దొరికినప్పుడు చదువుకునే అలంకారాలేనన్న అభిప్రాయం, 1997లోనే ఇంజనీరింగ్ కళాశాల వెలసిన ఉత్తరాంధ్ర పట్టణం రాజాంలోనూ, రాష్ట్రమంతటా కూడా బలంగా పాతుకుపోయింది. ఉత్తరాంధ్ర అనుభవం ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోదు.

శ్రీకాకుళం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, గిరిజనులైన సవరలను ఇంట ఉంచుకుని వారి భాష నేర్చుకున్నారు. అది తెలుగు చెందిన ద్రావిడ కుటుంబానిది కాదు, ముండా భాషలలో ఒకటి. కొండలలో తిరుగుతూ మలేరియా బారిన పడి, వాడిన క్వినైన్ వల్ల వినికిడి కోల్పోయినా ఆయన ఆ పని వదలలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించి, 1931లో ఆ భాషకు సమగ్ర వ్యాకరణం వెలువరించారు. వైద్యునికి ఆ గ్రంథంతో ఏమి పని అన్న ప్రశ్నకు సమాధానం సవరలు నివసించే సీతంపేట ఏజెన్సీలో దొరుకుతుంది. తెలుగు అంతగా రాని సవర వృద్ధురాలి జ్వరం సంగతి బడికి వెళ్ళే మనవడు డాక్టరుకు చెప్పవలసి వచ్చినప్పుడు, జ్వరం ఎన్నాళ్ళుగా ఉందో, చలితో వచ్చిందో లేదో, ముందు ఏ మందు మింగిందో సగం దారిలోనే జారిపోతాయి. రోగనిర్ణయానికి ఆధారం మాత్రం ఆ వివరాలే.

మూత్రపిండాల జబ్బు విస్తరించిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ, రోగి మాటను పూర్తిగా వినవలసిన ఇదే అవసరం కనిపిస్తుంది. క్రియాటినిన్, అంటే కండరాలలో పుట్టి మూత్రపిండాల ద్వారా బయటికి పోవలసిన వ్యర్థం, రక్తంలో ఎంత పేరుకుందో ప్రయోగశాల చెప్పగలదు. మధుమేహం లేనివారికి కూడా అక్కడ మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలనందున, రోగి ఏ బావి నీరు తాగాడో, జీడితోటలో ఎండలో ఎన్ని గంటలు పనిచేశాడో, ఒళ్ళు నొప్పులకు ఏ మాత్రలు వేసుకున్నాడో ఓపికగా అడిగి రాసుకోవడం పరిశోధనలో భాగమే అవుతుంది. ఆ ఓపిక సాహిత్యం నేర్పుతుంది. డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి వైద్యుడిగా పనిచేసిన డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ నవలలో, తప్పిపోయిన పందికోసం రాత్రివేళ అడవిలో తిరిగే ముసలివాని మనసును అడుగడుగునా వెంబడించిన తీరు చదివిన విద్యార్థి, ఎదుటివాని మాట మధ్యలో తుంచడానికి వెనుకాడతాడు.

2019లో అమలైన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక వైఖరి, నైతికత, సంభాషణలను బోధనాంశాలుగా చేర్చి, స్థానిక భాష నేర్చుకోవాలని కూడా చెప్పింది. అది హాజరు పట్టీతో ముగియకూడదు. శ్రీకాకుళం, విజయనగరం వైద్య కళాశాలలు ప్రతి విద్యార్థి చేత ఒక సవర లేదా ఉద్దానం కుటుంబపు అనారోగ్య చరిత్రను ఆ కుటుంబం చెప్పిన మాటల్లోనే రాయించి, దానికి ప్రయోగశాల పరీక్షతో సమానంగా మార్కులు ఇవ్వాలి.