వీధిలో ఇంకొకరికి చోటు



అమెరికా తెలుగువారి సాహిత్య సదస్సులో అధ్యక్షుడు జోనింగ్ గురించి, అంటే ఎక్కడ ఎలాంటి కట్టడం కట్టొచ్చో తేల్చే నగర నిబంధనల గురించి, మాట్లాడతాడేమిటని మీకు అనిపించవచ్చు. ఇల్లు కొనుక్కోవడం గురించి మనం చాలానే రాసుకున్నాం. ఆ ఇల్లున్న వీధిలో ఇంకెవరు ఉండొచ్చో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది మాత్రం మన కథల్లోకి పెద్దగా రాలేదు. అందుకే ఈ ప్రస్తావన.

ఒక స్థలంలో ఒక కుటుంబానికి ఒకే ఇల్లు అన్న నిబంధన 1916లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైందంటారు. మరుసటి ఏడాదే, జాతిని బట్టి వీధులు విడదీసిన లూయీవిల్ నగర చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. రంగు పేరు చెప్పి ఆపడం కుదరకపోయాక ఇంటి రకం పేరు చెప్పి ఆపడం మిగిలింది. అపార్ట్‌మెంట్ వద్దంటే అద్దెకుండేవాళ్లు రారు. ప్లాటు పెద్దదే ఉండాలంటే చిన్న జీతగాళ్లు రారు. 1926లో క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ కేసులో ఇలాంటి విభజనకు సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చిన ఆ తీర్పు రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని రాసిందీ ఆయనే. మనకు అడ్డుపడిన చట్టం 1946లో మారింది, 1965లో వలసలకు దారి విశాలమైంది. ఇళ్ల విషయంలో మాత్రం ఒకే ఇల్లన్న నిబంధన నేటికీ చాలా ఊళ్లలో చెక్కుచెదరలేదు.

బెజవాడ, గుంటూరు పాతపేటల్లో పెరిగినవారికి పోర్షన్లు తెలుసు. ముందు వాటాలో ఇంటివాళ్లు, వెనక రెండు వాటాల్లో బడిపంతులు, ఆర్టీసీ కండక్టరు, మేడ మీది గదిలో కొత్తగా కాపురం పెట్టిన జంట. అందరికీ పెరట్లో ఒకటే బోరింగు. అద్దెడబ్బులు ఇంటివాళ్లకు ఆసరా, ఊరి మధ్యన నీడ అద్దెవాళ్లకు ఆసరా. అలాంటి ఇల్లు మనమున్న సబర్బుల్లో కడతామంటే చాలాచోట్ల పర్మిషన్ రాదు.

ఒకే ఇల్లన్న ఈ నిబంధనను మినసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ నగరం మార్చింది. 2018 డిసెంబరులో నగర కౌన్సిల్ అందుకు ప్రణాళికను ఆమోదించింది. 2020 నుంచి ఒకే ఇంటికి పరిమితమైన స్థలాల్లో మూడిళ్ల దాకా వీలు కల్పించింది. మూడిళ్ల భవనాలు వచ్చింది కొద్దిగానే. బస్సు మార్గాల వెంట అపార్ట్‌మెంట్లకు అనుమతులివ్వడం, పార్కింగ్ తప్పనిసరి అన్న నియమాన్ని సడలిస్తూ చివరికి తీసేయడం ఎక్కువ పనిచేశాయి. ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్కలో, 2017 నుంచి 2022 దాకా ఆ నగరంలో ఇళ్లు 12 శాతం పెరిగితే అద్దెలు 1 శాతమే పెరిగాయి. మిగతా మినసోటాలో అద్దెలు 14 శాతం పెరిగాయి. ఒక్క నిబంధన మార్చి చేతులు దులుపుకుంటే చాలదన్నది ఇందులో పాఠం.

ఒకే ఇల్లన్న నిబంధనను సడలిస్తూ 2019లో ఓరెగాన్, 2021లో కాలిఫోర్నియా రాష్ట్ర చట్టాలే తెచ్చాయి. 2025లో టెక్సాస్ కూడా కదిలింది. పెద్ద నగరాల్లో వేసే పెద్ద కొత్త లేఅవుట్లలో, ప్లాటు 3,000 చదరపు అడుగులకు మించి ఉండాలని ఇక పట్టుబట్టకూడదంది. మన లెక్కలో 333 గజాలు. హైదరాబాదులో 200 గజాలు దొరికితే అదృష్టమనుకునే మనవాళ్లే, ఇక్కడ 333 గజాలు ఇరుకంటున్నారు!

వీధిలో ఇళ్లు పెరిగితే ఇంటి విలువ పడిపోతుందని, బడి పాడవుతుందని భయపడేవారున్నారు. ఎక్కువ ఇళ్లకు అనుమతి ఉన్న నేలకు ధర తగ్గడానికి కారణం నాకు కనబడదు. పిల్లలకు పాఠం చెప్పే టీచరు, అమ్మానాన్నలకు సేవచేసే నర్సు ఊళ్లో ఉండలేకపోతే ఆ ఊరి పేరుప్రతిష్ఠలు ఎన్నాళ్లు నిలుస్తాయి? మనమే అత్తమామల కోసం పెరట్లో చిన్న ఇల్లు కట్టుకుంటామని అర్జీ పెడుతున్నాం. మనకు న్యాయమనిపించింది పక్కవాడికీ న్యాయమే.

రచయితలకు నా విన్నపం: ఈ సంగతుల మీద కథలు రాయండి. ఇంటి యజమానులకు నా విన్నపం: సిటీ కౌన్సిల్ విచారణలకు కొత్త ఇళ్లు వద్దనేవాళ్లు తప్పకుండా వెళ్తారు. ఈసారి మీ ఊళ్లో విచారణ జరిగితే మీరూ వెళ్లి, మీ వంతు వచ్చినప్పుడు మైకు ముందు నిలబడి, మా వీధిలో రెండు కుటుంబాలుండే డూప్లెక్స్ రానివ్వండని చెప్పండి.